‘13 అసాసిన్స్’ ఇన్నేళ్లకు చూశాను. ఆ చివరి నవ్వు గురించి మాట్లాడుకుందామా?

రాత్రి_ఆట
ఆదివారం, ఉదయం 6:10

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, ఏదో ఒకటి కాసేపు చూసి నిద్రపోదామని దర్శకుడు తకాషి మీకే తీసిన ‘13 అసాసిన్స్’ పెట్టాను. 2010లో వచ్చిన జపాన్ సినిమా. నిడివి రెండు గంటల పైచిలుకే. అది ముగిశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు పాలవాడు వచ్చి వెళ్లాడు, నేను ఇంకా దాని గురించే ఆలోచిస్తున్నాను.

కథ చెప్పుకుంటే చాలా చిన్నది. 1844. షోగన్‌కు, అంటే జపాన్‌ను ఏలే సైన్యాధిపతికి, సవతి తమ్ముడైన నరిత్సుగు అనే యువ ప్రభువు ఉంటాడు. మనుషులను చంపడం అతనికి కాలక్షేపం. పుట్టుక కారణంగా అతన్ని శిక్షించే చట్టం లేదు. పైగా త్వరలో ప్రభుత్వంలో పెద్ద పదవి రాబోతోంది. అది తట్టుకోలేక ఒక పెద్ద అధికారి, షిమాదా షింజాయెమోన్ అనే నడివయసు సమురాయ్‌ని రహస్యంగా పిలిచి, దారిలో అతన్ని ముగించమంటాడు. షింజాయెమోన్ మనుషులను పోగుచేసుకుని, కొండల్లో ఒచియాయ్ అనే ఊరిని మొత్తంగా కొనేసి, దాన్ని బోనుగా మార్చి ఎదురుచూస్తాడు. డెబ్బై మంది వస్తారనుకుంటే రెండు వందల మందికి పైగా వస్తారు.

ఇదంతా వింటే మామూలు కత్తియుద్ధాల సినిమా అనిపిస్తుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. నన్ను పట్టుకున్నది ఎక్కడో చెబుతాను. అధికారి పిలిచి ఆ పని అప్పగించినప్పుడు షింజాయెమోన్ చేయి వణుకుతుంది. భయం వల్ల కాదు. శాంతికాలంలో పుట్టిన సమురాయ్‌కి సార్థకమైన చావు దొరుకుతుందని అనుకోలేదు, అది ఇప్పుడు దొరికిందన్న సంతోషంతో. ఆ పాత్ర వేసిన కోజీ యాకుషో అక్కడ నవ్వుతాడు. ఆ నవ్వు చూసి నాకు వెన్ను జలదరించింది. జీవితమంతా ఒక విద్య నేర్చుకుని, దాన్ని ఒక్కసారి కూడా వాడకుండానే ముసలివాడైపోతున్న మనిషి ముఖం అది.

ఇక చివర్లో అడవి మనిషి కొయాతా ఎలా బతికాడు? షింజాయెమోన్ మేనల్లుడు షిన్‌రొకురో ఇంటికి వెళ్లాడా, లేదా? అతని కోసం ఎదురుచూసే ఓత్సుయా చివర్లో ఎవరిని చూసి నవ్వుతుంది? చూసినవారు చెప్పండి. చూడనివారు ఈ చర్చ చదవకండి, కథంతా బయటపడుతుంది.

---

వెదురు_పొద
ఆదివారం, ఉదయం 9:32

నేను ఈ సినిమాను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ సగం సంతృప్తితోనే లేచాను. మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు, ఒప్పుకోలేనివి ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

పదమూడు మందిలో మనకు నిజంగా తెలిసేది ఎందరు? షింజాయెమోన్, అతని మేనల్లుడు షిన్‌రొకురో, రోనిన్ (ప్రభువు లేని సమురాయ్) హిరయామా, కురనాగా, అడవి మనిషి కొయాతా. డబ్బు ముందే చేతిలో పెట్టమన్న బల్లెపు మనిషి సహారాను కలిపితే ఆరుగురు. మిగిలినవాళ్లు చనిపోతున్నప్పుడు ఎవరు పోయారో నాకు తెలియలేదు. వీరుల చావు తెలియకుండా జరిగిపోతే అది నాకు లోపమే. ఇక వీపు మీద మంటలతో పరుగెత్తే ఎద్దులు! అంత శ్రద్ధగా ఊరు కట్టి, బురద కలిపి, బట్టలు కుట్టిన సినిమాలో ఆ కంప్యూటర్ ఎద్దులు కళ్లకు అడ్డం పడ్డాయి.

చివరి నలభై అయిదు నిమిషాల పోరాటం గొప్పదే. ఆ మాట కాదనను.

---

చరిత్ర_పుటలు
ఆదివారం, ఉదయం 10:05

రాత్రి ఆట గారూ, ఈ చర్చ మొదలుపెట్టినందుకు సంతోషం. నేను చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాడిని. ఈ సినిమా వెనుక ఉన్న కాలం తెలిస్తే ఆ చేతి వణుకు ఇంకా బాగా అర్థమవుతుంది.

జపాన్‌లో చెప్పుకోదగ్గ చివరి పెద్ద యుద్ధాలు 1615 నాటి ఒసాకా ముట్టడి, 1637-38 నాటి షిమబారా తిరుగుబాటు. 1844 నాటికి రెండు వందల ఏళ్ల శాంతి. ఆ రెండు వందల ఏళ్లూ సమురాయ్ కుటుంబాలు నడుముకు రెండు కత్తులతోనే తిరిగాయి, జీతంగా బియ్యం తీసుకున్నాయి, గుమస్తా పనులు చేశాయి. అంటే ఈ కథలో కత్తి దూసే వారిలో చాలామందికి అది మొదటి నిజమైన పోరాటం. మనిషిని నరకడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు. సినిమాలో కుర్రవాళ్ల కళ్లు చూడండి.

నరిత్సుగు దారిలో ఎందుకు దొరికాడన్నది మరో విషయం. 1635 నుంచి ప్రతి డైమ్యో (సంస్థాన ప్రభువు) ఒక ఏడాది షోగన్ రాజధాని ఎడోలో (ఇప్పటి టోక్యో), మరో ఏడాది సొంత సంస్థానంలో ఉండాలన్న నియమం ఉండేది. భార్య, వారసుడు ఎడోలోనే ఉండిపోవాలి. మర్యాదగా చెప్పిన జామీను అది. అందుకే ప్రభువుల ఊరేగింపులు ఏటా దేశమంతా నడిచేవి. కోటలో ఉన్న ప్రభువును ముట్టుకోలేరు, దారిలో ఉన్నవాడిని మాత్రం ముట్టుకోవచ్చు. సినిమాలో ఓవరి సంస్థానం వాళ్లు తమ భూమి మీదుగా వెళ్లనివ్వకపోవడంతో ఊరేగింపు కొండదారి పడుతుంది. అక్కడే ఉచ్చు.

నరిత్సుగు కల్పిత పాత్రే, కానీ అలాంటి స్థానం నిజంగా ఉండేది. పదకొండో షోగన్ ఇయెనరికి యాభై మందికి పైగా సంతానం. వాళ్లను దత్తత పేరుతో, పెళ్లి పేరుతో సంస్థానాల మీదకు పంపాడు. సినిమాలో నరిత్సుగు ఏలే అకాషి సంస్థానానికి కూడా అలా ఒక కొడుకు దత్తత వెళ్లాడు. ఇష్టం లేని దత్తతను షోగన్ మాటకు తలవంచి ఇంట్లో పెట్టుకోవడం ఎంత అవమానమో ఊహించండి. సినిమా మొదట్లో అకాషి పెద్ద అధికారి ఒకాయన, పై అధికారి ఇంటి ముందు కూర్చుని సెప్పుకు చేసుకుంటాడు కదా. ఫిర్యాదు చేయడానికి ఆయనకు మిగిలిన దారి పొట్ట చీల్చుకోవడం ఒక్కటే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. ఆ హత్యకు ఆజ్ఞ ఇచ్చే దొయి తొషిత్సురా నిజమైన మనిషి. కొగా సంస్థాన ప్రభువు, ఆ రోజుల్లో షోగన్ మంత్రివర్గంలో ఉన్నాడు. ఆయన చరిత్రలో మిగిలింది దేనికో తెలుసా? మంచు పలుకులకు. సూక్ష్మదర్శిని పెట్టి సుమారు ఇరవై ఏళ్లు మంచు రేణువులను చూసి, 86 ఆకారాలు బొమ్మలు గీసి 1832లో పుస్తకం వేశాడు. ఆ నమూనాలు తర్వాత బట్టల మీదకు, పింగాణీ మీదకు ఎక్కాయి. మంచు పలుకు కరిగేలోపు బొమ్మ గీసుకునే చేతులతో సినిమావాళ్లు హత్యకు ఆజ్ఞ ఇప్పించారు. ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నాకు ఇదే గుర్తొస్తుంది.

---

కృష్ణ_ఒడ్డు
ఆదివారం, మధ్యాహ్నం 1:48

నేను ఈ సినిమాను కిందటేడు మొదలుపెట్టి ఆపేశాను. చేతులూ కాళ్లూ నరికిన ఆ అమ్మాయిని చూపించే చోట. ఆమె నాలుక కూడా కోశారు. నోట్లో కుంచె పట్టుకుని రాస్తూ ఏడుస్తుంటే నాకు ఊపిరి ఆడలేదు. ఆ రోజు ఇంకేమీ చేయలేకపోయాను. మీరంతా ఇంత ప్రేమగా రాస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను. అలాంటివి ఇంకా ఉన్నాయా? అయితే నేను చూడను. లేకపోతే మళ్లీ ప్రయత్నిస్తాను.

ఇంకో చిన్న సందేహం. మొదట్లో కనిపించే ఒక ఇంటి కోడలి పళ్లు నల్లగా ఉన్నాయి, కనుబొమ్మలు లేవు. అది ఎందుకు?

---

చరిత్ర_పుటలు
ఆదివారం, మధ్యాహ్నం 2:20

కృష్ణ ఒడ్డు గారూ, ఆ నల్లపళ్లు అప్పటి ఆచారం. పెళ్లయిన స్త్రీలు ఇనుము కలిపిన రంగుతో పళ్లు నల్లబరుచుకునేవారు, కనుబొమ్మలు తీసేసేవారు. అది అందం, పెళ్లయిందన్న గుర్తు కూడా. 1870లో ప్రభుత్వం పెద్ద కుటుంబాల్లో దాన్ని నిషేధించింది. జపాన్ చారిత్రక చిత్రాల్లో ఈ కాలపు ప్రేక్షకులకు ఎబ్బెట్టుగా ఉంటుందని చాలామంది దర్శకులు దీన్ని చూపించరు. దర్శకుడు మీకే మాత్రం చూపించాడు.

---

రాత్రి_ఆట
ఆదివారం, మధ్యాహ్నం 3:15

కృష్ణ ఒడ్డు గారూ, అంత ఘోరమైన దృశ్యం మళ్లీ లేదు. మొదటి అరగంటలో విల్లుతో ఒక కుటుంబాన్ని చంపే చోటు ఉంది, అది కూడా కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత రక్తం చాలా ఉంది, కానీ ఆ రెండు దృశ్యాల్లో ఉన్నట్టు నిస్సహాయుల మీద కాదు. ఆ అమ్మాయి రైతు తిరుగుబాటు నడిపిన మనిషి కూతురు. మీ వాళ్లు ఏమయ్యారని షింజాయెమోన్ అడిగితే ఆమె రాసిన మాట ‘అందరినీ చంపేశారు’ అన్న అర్థం వచ్చేది. ఆ మాటనే షింజాయెమోన్ చివరి పోరాటంలో శత్రువుల ముందు పరిచి చూపిస్తాడు. అప్పుడు అది శపథమవుతుంది. మాట పోగొట్టుకున్న ఆడపిల్ల రాసిన మాట యుద్ధానికి జెండా అయింది. ఆ దృశ్యం లేకపోతే తర్వాత నలభై అయిదు నిమిషాలు వట్టి కత్తుల చప్పుడే.

మీకు వీలైతే పగటిపూట, ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడు చూడండి.

---

కర్రసాము
ఆదివారం, సాయంత్రం 5:40

నేను ఇరవై రెండేళ్లుగా కర్రసాము నేర్పుతున్నాను. సినిమా చరిత్ర నాకు తెలియదు, దెబ్బ గురించి తెలుసు. ఆ కోణం నుంచి కొంచెం పొడవుగా రాస్తాను.

మామూలు సినిమాలో కథానాయకుడి కత్తి చివరిదాకా మొదటి దెబ్బలాగే తెగుతుంది. నిజంలో అలా ఉండదు. జపాన్ కత్తికి మట్టి పూసి కాల్చి నీట ముంచుతారు. అంచు గట్టిగా, వెన్ను మెత్తగా వస్తుంది. గట్టి అంచు బాగా తెగుతుంది, కానీ ఎముక తగిలినా ఎదుటి కత్తి తగిలినా పెచ్చులు ఊడుతుంది. వాటంగా పడని దెబ్బకు కత్తే వంగుతుంది. రక్తం, కొవ్వు అంటుకుంటే జారుతుంది. అందుకే హిరయామా ఆ సందులో పదుల కొద్దీ కత్తులు నేలలో గుచ్చిపెట్టుకుంటాడు. ఒకటి పాడైతే పక్కది లాగుతాడు. దాన్ని గొప్ప చూపడానికి పెట్టారని నా శిష్యుడు ఒకడు అన్నాడు. కాదు, అది లెక్క. ముందు ఎంతమంది వస్తారో తెలిసినవాడు చేసే ఏర్పాటు. (1565లో పదమూడో అషికాగా షోగన్ తన మీదకు వచ్చినవాళ్లతో అలాగే కత్తులు మార్చుకుంటూ పోరాడి చనిపోయాడని ఒక కథ ఉందట, మా దగ్గర నేర్చుకునే అబ్బాయి చెప్పాడు.)

ఇంకా గొప్ప సంగతి ఆ తర్వాత. కత్తులన్నీ అయిపోయాక హిరయామా రాయి అందుకుంటాడు, పిడికిలితో కొడతాడు. అంతటి కత్తి విద్వాంసుడు, చివరికి రాతి దగ్గరికి వచ్చాడు. ఈ మార్పును ఇంత నిజాయితీగా చూపిన సినిమా నేను చూడలేదు. అలసట కూడా చూపించాడు. దెబ్బ ఎత్తే చేయి ప్రతిసారీ కొంచెం తక్కువ ఎత్తుకు వెళ్తుంది. గమనించండి, నిలబడే కాళ్లు దగ్గరవుతాయి, ఊపిరి భుజాల్లోకి వస్తుంది. మా వాళ్లకు మొదటి పాఠం ఊపిరి భుజాల్లోకి రానివ్వకూడదనే.

కొయాతా నాకు ప్రాణం. వేటగాడు, అడవిలో కట్టేసి వేలాడుతూ దొరికినవాడు. వాడికి కత్తి మర్యాద లేదు. దొరికిన దుంగ, గుండ్రాయి, వడిసెల. కత్తి పట్టిన వీరులు అలసి పడిపోతుంటే వాడు దుంగతో వరసగా కొట్టుకుంటూ పోతాడు. కర్రకు అంచు లేదు కాబట్టి మొద్దుబారదు. ఈ మాట నేను ప్రతి కొత్త శిష్యుడికీ చెబుతాను. జపాన్ సినిమాలో దాన్ని చూసి లేచి నిలబడ్డాను.

---

పాత_బొమ్మలు
ఆదివారం, రాత్రి 8:02

ఇది 1963 నాటి సినిమాకు కొత్త రూపం, ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. ఎయిచి కుడో దర్శకత్వంలో తోయెయ్ సంస్థ తీసింది, నలుపు తెలుపు. షింజాయెమోన్‌గా చియెజో కతవోకా. అందులో పదమూడు మందికి ఎదురు యాభై ముగ్గురే. మీకే ఆ అంకెను నాలుగింతలు చేశాడు. కుడో ఆ తర్వాత 1964లో, 1967లో కూడా ఇదే దారిలో, ఒక గుంపు ఒక ప్రభువును చంపడానికి పూనుకునే కథలు తీశాడు.

పాతదానిలో పోరాటం గజిబిజిగా ఉంటుంది. కెమెరా కూడా ఆ సందుల్లో భయపడి పరుగెడుతున్నట్టు ఉంటుంది. ఎవరూ వీరుల్లా కనిపించరు. కత్తి పట్టడం మరచిపోయిన తరం తడబడుతూ ఒకరినొకరు పొడుచుకుంటుంది. మీకే సినిమా ఇంకా స్పష్టం, ఇంకా పెద్దది. ఊరిలో ఏ సందు ఎక్కడుందో మనకు తెలుస్తుంది. కంచెలు లేచి దారులు మూసుకున్నప్పుడు శత్రువులతోపాటు మనమూ లోపల ఇరుక్కుంటాం. కుడో సినిమాను నేను ఎక్కువ గౌరవిస్తాను, మీకే సినిమాను ఎక్కువసార్లు చూశాను.

వెదురు పొద గారు చెప్పిన ఎద్దుల గురించి. బొమ్మ నాసిరకమే, ఆలోచన మాత్రం ఆ నేలదే. 1183లో కురికరా కనుమ యుద్ధంలో మినమోటో యొషినకా ఎద్దుల కొమ్ములకు దివిటీలు కట్టి శత్రువుల మీదకు తోలాడని జపాన్ పురాణ కథ. ఆ యొషినకా పెరిగింది కిసో లోయలో. సినిమాలో ఊరేగింపు వెళ్లేది కూడా కిసో దారిలోనే. జపాన్ ప్రేక్షకుడికి ఆ ఎద్దులు కనిపించగానే యొషినకా గుర్తుకు రావడం సహజం.

మరొక్క మాట. జపాన్‌లో విడుదలైన సినిమా 141 నిమిషాలు, బయటి దేశాలకు పంపింది సుమారు 125. కత్తిరించిన వాటిలో కొయాతాకు సంబంధించినవి ఎక్కువ. రాత్రి ఆట గారికి వచ్చిన సందేహానికి సగం కారణం అదే.

---

నగోయా_నుంచి
సోమవారం, ఉదయం 7:25

నేను ఉద్యోగరీత్యా ఏడేళ్లుగా నగోయాలో ఉంటున్నాను. ఒచియాయ్ నిజంగా ఉన్న ఊరు. ఎడో నుంచి క్యోటోకు కొండల మీదుగా వెళ్లే నకసెన్‌దో దారిలో 69 మజిలీలు ఉండేవి, ఒచియాయ్ 44వది. ఇప్పుడు గిఫు ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటి విభాగం) నకత్సుగవా పట్టణంలో భాగం. మా ఇంటి నుంచి రైలెక్కి వెళ్లి రావచ్చు.

సినిమా చూశాక ఒక ఆదివారం మగోమె మజిలీ నుంచి కిందికి నడిచి ఒచియాయ్ వెళ్లాను. పాత రాతి బాట దేవదారు చెట్ల నీడలో నాచు పట్టి ఉంది. వాన వెలిసిన రోజు, రెండుసార్లు జారాను. ఊరు ఒక్క వీధి. ప్రభువులు బస చేసే పెద్ద ఇల్లు ఇంకా ఉంది. సినిమాలో చూసిన చిక్కుదారుల ఊరు అక్కడ లేదు. అది ఎక్కడో ఉత్తరాన యమగాటా ప్రిఫెక్చర్‌లో త్సురువోకా దగ్గర కట్టిన సెట్టు. అయినా ఆ వీధిలో నిలబడి రెండు వైపులా చూస్తే, రెండు చివరలూ మూసేస్తే పారిపోవడానికి దారి ఉండదని తెలుస్తుంది. ఒక పక్క కొండ, ఒక పక్క వాగు.

చివరి దృశ్యం గురించి నాకు తెలిసింది చెబుతాను. షిన్‌రొకురో జూదగాడు, ఆడవాళ్ల సంపాదన మీద బతికేవాడు. బయలుదేరేటప్పుడు తనతో ఉండే ఓత్సుయాతో, రావడం ఆలస్యమైతే ఓబోన్‌కు వస్తాను, స్వాగతపు మంట వెలిగించి ఉంచు అంటాడు. ఓబోన్ అంటే చనిపోయినవాళ్లు ఇంటికి వచ్చే రోజులు. ఎక్కువ చోట్ల ఆగస్టు నడుమ జరుపుతారు. మన మహాలయ పక్షాలలాంటివే, కానీ ఇక్కడ పెద్దలు దారి తప్పకుండా ఇల్లు పోల్చుకోవడానికి గుమ్మం ముందు జనుప కాడలతో చిన్న మంట వేస్తారు. మా పక్కింటి బామ్మ ఏటా వేస్తుంది. మొదటి ఏడాది ఆ మంట ఎందుకని అడిగితే, ‘మా ఆయన వస్తాడు కదా’ అని మామూలుగా చెప్పింది.

కాబట్టి ఓబోన్‌కు వస్తాను అన్న మాటకు ఇక్కడివారికి ఒకటే అర్థం. బతికి ఉంటే ముందే వస్తాను, చనిపోతే అప్పుడు వస్తాను. సినిమా చివర్లో ఓత్సుయా ఎవరినో చూసి నవ్వుతుంది. అతను ఏ విధంగా వచ్చాడన్నది ఆ నవ్వులో లేదు.

---

వెదురు_పొద
సోమవారం, ఉదయం 11:50

నగోయా నుంచి గారూ, ఓబోన్ సంగతి చాలా బాగుంది, అది తెలియకుండానే రెండుసార్లు చూశాను. అయినా షిన్‌రొకురో బతికే ఉన్నాడని నా నమ్మకం. అతను శవాల మధ్య నడుస్తాడు, కాలు ఈడుస్తాడు, అలసిపోతాడు. దెయ్యానికి అలసట ఎందుకు? పోరాటం ముగిశాక కొయాతాతో మాట్లాడుతూ, ఇక సమురాయ్‌గా ఉండను, దొంగనవుతానో, ఓడెక్కి అమెరికా వెళ్తానో అంటాడు. అది బతకబోయే మనిషి మాట. ఆ పదమూడు మందిలో కత్తిని వదిలి బయటికి నడిచింది అతనొక్కడే. అతన్ని కూడా చంపేస్తే కథకు బయటికి దారే ఉండదు.

కొయాతా సంగతి వేరు. మెడలో కత్తి దిగినవాడు చెంగుచెంగున దూకుతూ వస్తాడు. వాడు మనిషి కాదు, కొండకు చెందిన ఏదో శక్తి. పొడవైన రూపం చూస్తే ఇంకా నమ్మకం కుదురుతుందేమో.

---

కర్రసాము
సోమవారం, మధ్యాహ్నం 12:30

కొయాతా మనిషే. కొండవాడికి చావు తొందరగా రాదు.

---

చరిత్ర_పుటలు
సోమవారం, సాయంత్రం 4:44

నాకు ఈ సినిమాలో అసలు మనిషి నరిత్సుగును కాపాడే దళ నాయకుడు హాన్‌బెయ్. అతని గురించి ఎవరూ రాయలేదు. షింజాయెమోన్, హాన్‌బెయ్ ఒకే గురుకులంలో కత్తి నేర్చుకున్నవాళ్లు. హాన్‌బెయ్‌కి తన ప్రభువు రాక్షసుడని మనందరికన్నా బాగా తెలుసు. అయినా సమురాయ్ పని ప్రభువును కాపాడటమేనని నిలబడతాడు. కురుసభలో భీష్ముడు, ద్రోణుడు కూర్చున్న చోటే హాన్‌బెయ్ కూడా కూర్చున్నాడు. తిన్న ఉప్పుకు కట్టుబడ్డవారు.

చివర్లో బురదలో వాళ్లిద్దరి పోరాటం ఎలా ముగుస్తుందో చూశారుగా. షింజాయెమోన్ కాలితో బురద అతని ముఖాన కొట్టి, కళ్లు మూసుకున్న క్షణంలో తల తీస్తాడు. గురుకులం నేర్పిన పద్ధతి కాదు. ఆ తలను నరిత్సుగు కాలితో తన్ని పక్కకు నెట్టేస్తాడు. ఎవరి కోసం ప్రాణం ఇచ్చాడో వాడే. భీష్ముడికి అంపశయ్య మీద ధర్మరాజు వచ్చి నమస్కరించాడు. హాన్‌బెయ్‌కి అదీ దక్కలేదు. నేను ఆ ఒక్క క్షణం కోసమే ఈ సినిమాను మా పిల్లలకు చూపించాను.

---

కృష్ణ_ఒడ్డు
సోమవారం, సాయంత్రం 6:18

మాస్టారూ, నరిత్సుగు వేషం వేసినది ఎవరు? ఆ ముఖంలో ఏ భావమూ లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

---

పాత_బొమ్మలు
సోమవారం, రాత్రి 7:05

గోరో ఇనగాకి, అమ్మా. స్మాప్ అనే పాటల బృందంలో ఒకడుగా ఉండేవాడు. ఇరవై ఏళ్లకు పైగా జపాన్‌లో ప్రతి ఇంట్లో టీవీలో కనిపించిన అందగాడు. ఇంటింటికీ చుట్టమైన ఆ మెత్తని ముఖాన్ని తీసుకుని, అందులోంచి ఇలాంటివాడిని బయటికి లాగాడు మీకే. పోరాటం మధ్యలో నరిత్సుగు, ‘యుద్ధాల కాలం ఇలాగే ఉండేదా, ఎంత బాగుంది’ అన్నట్టు మాట్లాడతాడు, పదవి రాగానే ఆ కాలాన్ని మళ్లీ తెస్తానంటాడు. అదొక్క మాట చాలు అతన్ని చంపడానికి.

యాకుషో గురించి కూడా చెప్పాలి. నటుడు కాకముందు టోక్యోలో ఒక వార్డు కార్యాలయంలో గుమస్తా. ‘యాకుషో’ అంటేనే ప్రభుత్వ కార్యాలయం. ఆ పేరే నటజీవితానికి పెట్టుకున్నాడు. 2023లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా బహుమతి అందుకున్నది ఇతనే. శాంతికాలపు గుమస్తా సమురాయ్ పాత్రకు ఇంతకంటే సరిపోయిన మనిషి ఉంటాడా?

---

రాత్రి_ఆట
బుధవారం, రాత్రి 10:50

రెండోసారి చూశాను, ఈసారి నాన్నగారితో. ఆయన పదవీ విరమణ చేసి మూడేళ్లయింది. కత్తియుద్ధాలంటే ఇష్టం లేదు, నా కోసం కూర్చున్నారు.

ఈసారి మొదట్లో షింజాయెమోన్ చేపలు పట్టే చోట నేను ఆగాను. సముద్రంలో నిచ్చెన పీట వేసుకుని, దాని మీద కూర్చుని గాలం వేస్తాడు. పడవ నీడకు బెదిరే చేపల కోసం ఎడో తీరంలో అలాగే పట్టేవారట. మొదటిసారి ఆ దృశ్యాన్ని అందంగా ఉందనుకుని వదిలేశాను. ఇప్పుడు తెలిసింది. నీళ్ల మధ్య కదలకుండా, నీడ పడకుండా, చేప తానుగా వచ్చేదాకా కూర్చునే మనిషి అతను. ఒచియాయ్‌లో చేసింది కూడా అదే. ఊరిని పీటలా వేసుకుని కూర్చున్నాడు. ఆ ఎదురుచూపు రోజుల్లో కుర్రవాళ్లు అల్లాడిపోతారు, అతను అల్లాడడు.

వెదురు పొద గారూ, మీరు చెప్పిన లోపం ఈసారి నాకూ కనిపించింది. కొందరి పేర్లు నాకు ఇప్పటికీ రావు. కానీ నాన్నగారు ఒక మాట అన్నారు. ఆ యువకుడు ఒకడు చనిపోతున్నప్పుడు, ‘వీడికి ఇదే మొదటిసారి, పాపం’ అన్నారు. పేరు తెలియకుండానే ఆయనకు వాడు తెలిశాడు.

ఇలాంటివి ఇంకా చూడాలని ఉంది. ఏవి చూడాలి?

---

పాత_బొమ్మలు
గురువారం, ఉదయం 8:15

వరసగా పేర్లు చెప్పి మిమ్మల్ని తికమకపెట్టను. ఒకటే చెబుతాను. యోజి యమదా 2002లో తీసిన ‘ట్విలైట్ సమురాయ్’. భార్య పోయిన చిన్న గుమస్తా సమురాయ్, ఇద్దరు ఆడపిల్లలు, మతిమరపు తల్లి. పని కాగానే ఇంటికి పరుగెత్తుతాడని తోటివారు పేరు పెడతారు. చివర్లో ఒక చీకటి ఇంట్లో ఇద్దరి మధ్య ఒకే ఒక్క పోరాటం. మీకే సినిమాలో రెండు వందల మంది ఉన్నారు, ఇందులో ఇద్దరే ఉన్నారు, ఊపిరి బిగబట్టడం మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఆ సినిమాకు మూలమైన కథలు రాసిన షుహెయ్ ఫుజిసవా పుట్టింది త్సురువోకాలో. నగోయా నుంచి గారు చెప్పిన ఒచియాయ్ సెట్టు కట్టింది కూడా ఆ ఊరి దగ్గరే.

---

వెదురు_పొద
గురువారం, ఉదయం 9:01

దీనికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నాన్నగారితోనే చూడండి.

---

కృష్ణ_ఒడ్డు
శనివారం, సాయంత్రం 5:30

పూర్తి చేశాను. మధ్యాహ్నం, మా అక్క పక్కన ఉండగా. ఆ అమ్మాయి దృశ్యం దగ్గర ఈసారి కళ్లు మూసుకోలేదు. చివర్లో ఆమె రాసిన మాటను షింజాయెమోన్ పరిచినప్పుడు, దాన్ని నేను చదవగలిగాను. జపాను భాష రాదు, అయినా ఆ అక్షరాల ఆకారం గుర్తుంది.

నరిత్సుగు చనిపోయేటప్పుడు బురదలో పాకుతూ భయపడతాడు కదా. అప్పుడు మా అక్క లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. నాకు జాలి కలిగింది. అందుకు నా మీద నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

ఓత్సుయా గురించి. కొండల్లో కొయాతా ప్రేమించిన స్త్రీ, షిన్‌రొకురో కోసం ఎదురుచూసే ఓత్సుయా, ఇద్దరినీ ఒకే నటి వేసిందని మా అక్క కనిపెట్టింది. నేను గమనించలేదు. వెతికి చూస్తే నిజమే, కజుయె ఫుకియిషి. మీరంతా షిన్‌రొకురో బతికాడా, కొయాతా బతికాడా అని వాదిస్తున్నారు. ఇద్దరు మగవాళ్లూ నడిచి వెళ్లేది ఒకే ముఖం దగ్గరికి.

---

నగోయా_నుంచి
శనివారం, రాత్రి 9:12

కృష్ణ ఒడ్డు గారూ, ఇది చదివి మళ్లీ చివరి పది నిమిషాలు పెట్టుకుని చూశాను. నాకూ ఇన్నేళ్లూ తట్టలేదు.

వచ్చే ఆగస్టులో పక్కింటి బామ్మ మంట వేసేటప్పుడు ఈసారి నేనూ దగ్గర కూర్చుంటానని అడిగాను. జనుప కాడలు నన్నే తెమ్మంది.